వెనక సీటు కింద పెట్రోల్ వాసన: మీ సర్వీస్ సెంటర్‌పై ఫిర్యాదు

హనుమకొండ

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

విషయం: ఫ్యూయల్ పంప్ మార్చిన తర్వాత కారులో పెట్రోల్ వాసన, మూడుసార్లు తెచ్చినా కారణం పట్టుకోకపోవడం, డబ్బు వాపసు, మిగతా కార్ల తనిఖీ గురించి.

అయ్యా,

మీ కంపెనీ పెట్రోల్ కారు కొని రెండేళ్లు కావస్తోంది. మార్చిలో బండి స్టార్ట్ కాకపోతే ఇక్కడి మీ సర్వీస్ సెంటర్‌లో వారంటీ కింద ఫ్యూయల్ పంప్ మార్చారు. రూపాయి తీసుకోలేదు, రెండు రోజుల్లో బండి చేతికిచ్చారు. అందుకు సంతోషమే. నా ఫిర్యాదు ఆ తర్వాతి రెండు నెలల గురించి.

బండి ఇంటికి తెచ్చిన మర్నాడు ట్యాంక్ ఫుల్ చేయించాను. సాయంత్రం డోర్ తీయగానే పెట్రోల్ వాసన గుప్పుమంది. బంకులో కింద ఒలికిందేదో చెప్పులకు అంటిందనుకుని మ్యాట్లు కడిగాను. పోలేదు. నాలుగైదు రోజులకు దానంతటదే తగ్గింది. మళ్లీ ఫుల్ చేయిస్తే మళ్లీ వచ్చింది.

మొదటిసారి తెచ్చినప్పుడు మీ అడ్వైజర్ "ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే కొంచెం వాసన వస్తది సార్, రెండు రోజుల్లో పోతది" అని పంపించేశారు. రెండోసారి ఏసీ ఫిల్టర్ మార్చి, లోపల సెంటు కొట్టి 1,450 రూపాయలు తీసుకున్నారు. మూడోసారి ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేశామని 2,800. పంప్ మార్చినప్పటి నుంచే ఈ వాసన అని ప్రతిసారీ చెప్పాను. ఒక్క జాబ్ కార్డులోనూ ఆ మాట రాయలేదు.

సెంటు కొట్టిన సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తోంది. పెట్రోల్ లీకవుతోందని మాకు చెప్పేది ఆ వాసన ఒక్కటే. దాన్ని కప్పేశారు. వారం రోజులు బాగైపోయిందనుకుని తిరిగాం. మా నాన్నగారు రోజూ పొద్దున బండికి అగర్బత్తి వెలిగించి డ్యాష్‌బోర్డు మీద పెడతారు. ఆ వారమంతా పెట్టారు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, సీట్ల కింద, కాళ్ల దగ్గర పేరుకుంటుంది. గాలిలో ఒకటిన్నర శాతం కలిసినా నిప్పురవ్వ చాలు. ఈ సంగతి మీ టెక్నీషియన్లకు నేను చెప్పాల్సింది కాదు.

మేలో ఫుల్ ట్యాంక్‌తో మేడారం బయలుదేరాం. ఎండకు అద్దాలు మూసి ఏసీ వేశాం. ములుగు చేరకముందే వెనక కూర్చున్న మా పాప "కడుపుల తిప్పుతుంది డాడీ" అంది. గట్టమ్మ గుడి దగ్గర ఎలాగూ అందరూ ఆగేదే. మేం ఆగేసరికి పాప వాంతి చేసుకుంది, మా అమ్మకు తలనొప్పితో కళ్లు తెరవబుద్ధి కాలేదు. ముందు సీట్లో ఉన్న నాకు వాసన అంతగా తెలియలేదు. అక్కడ చుట్టూ కర్పూరం, అగర్బత్తీలు వెలుగుతున్నాయి. బండిని దూరంగా తీసుకెళ్లి నాలుగు డోర్లూ తెరిచిపెట్టి, అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. దారంతా అద్దాలు దించుకునే వచ్చాం.

మర్నాడు కాజీపేటలో మాకు తెలిసిన మెకానిక్‌కు చూపించాను. ఆయన ముందు బానెట్ తెరవలేదు. "వాసన ముందు ఎక్కువొస్తదా, వెనకనా? ట్యాంక్ సగానికొచ్చినంక కూడా వస్తదా?" అని అడిగారు. వెనకే ఎక్కువ, సగానికి దిగితే ఉండదు అన్నాను. ఇంజెక్టర్లో, ఇంజిన్ దగ్గరి పైపో లీకైతే ట్యాంక్ ఎంత ఉన్నా వాసన రావాలి, అదీ ముందు వైపు నుంచి రావాలి అన్నారు. వెనక సీటు ఎత్తి, కింద ఉన్న మూత తీశారు. పంప్ చుట్టూ తడి, దుమ్ము అంటుకుని నల్లటి మరక. పంప్‌కూ ట్యాంక్‌కూ మధ్య ఉండే రబ్బరు సీల్ ఒకవైపు నలిగి బయటికి పొడుచుకొచ్చింది. పంప్ తీసినప్పుడల్లా సీల్ కొత్తది వేయాలట. పెట్రోల్‌లో నాని ఉబ్బిన పాత సీల్ మళ్లీ గాడిలో కూర్చోదు. ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడు, బండి మలుపు తిరిగినప్పుడల్లా పెట్రోల్ పైకి ఎగిసి ఆ సందులోంచి వస్తోంది. రెండు ప్రశ్నలు, పది నిమిషాలు. మీ దగ్గర రెండు నెలల్లో ఆ రెండు ప్రశ్నలు ఎవరూ అడగలేదు.

వారంటీ పోతుందని ఆయన పంప్‌ను విప్పలేదు. ఫోటోలు తీసుకుని మీ సెంటర్‌కు వెళ్లాను. కొత్త సీల్ వేసి, రింగ్ బిగించారు. అందుకూ 1,150 రూపాయలు తీసుకున్నారు. జాబ్ కార్డులో మాత్రం "జనరల్ చెకప్" అని రాశారు. పాత సీల్ అడిగితే పారేశామన్నారు. ఆ తర్వాత రెండుసార్లు ఫుల్ ట్యాంక్ చేయించి, ఎండలో అద్దాలు మూసి పెట్టి చూశాను. వాసన లేదు.

మీ పనిలో జరిగిన తప్పుకు నేను కట్టిన మొత్తం 5,400 రూపాయలు తిరిగి ఇవ్వండి. సీల్ సరిగా వేయకపోవడం వల్లే లీకైందని రాసిన జాబ్ కార్డు ఇవ్వండి. రేపు బండికి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకు చూపించడానికి నా దగ్గర ఇంకే ఆధారం ఉంటుంది? అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది. ఆ సెంటర్‌లో ఫ్యూయల్ పంప్ మార్చిన ప్రతి కారునూ పిలిపించి, వెనక సీటు ఎత్తి చూడండి. ఎవరికి మార్చారో మీ రికార్డుల్లో ఉంటుంది. డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైనా ఓర్చుకుంటాను, ఈ పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లులు, జాబ్ కార్డుల నకళ్లు, సీల్ ఫోటోలు ఈ లేఖతో జతచేశాను. బండి నంబరు వాటి మీదే ఉంది.

ఇట్లు
మీ కస్టమర్
హనుమకొండ