ఎస్‌ఎస్‌డీ నెమ్మదిస్తే తప్పు దానిదేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంట్లో కంప్యూటర్ నెమ్మదించిందంటే చాలు, డీఫ్రాగ్ చేయమని, ఏదో ఒక క్లీనర్ వేయమని, చివరికి ఫార్మాట్ కొట్టమని చెప్పే సలహాలు సాంకేతిక శీర్షికల్లో ఇప్పటికీ కనిపిస్తున్నాయి. ఇవి తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్కుల కాలానికి సరిపోయే మాటలు. సమాచారాన్ని చిప్‌లలో దాచే, కదిలే భాగమే లేని ఎస్‌ఎస్‌డీలో డీఫ్రాగ్ చేసి ఫైళ్లను వరుసగా పేర్చినందువల్ల చెప్పుకోదగ్గ వేగం రాదు సరికదా, పరిమితంగా ఉండే దాని వ్రాత ఆయుష్షు కొంత ఖర్చవుతుంది.

అసలు నెమ్మదించింది డ్రైవేనా అన్నది ముందు తేల్చుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నిండిపోయి ఉంటే, ర్యామ్‌లో పట్టని పని డిస్కు మీదికి మళ్లి, నింద ఎస్‌ఎస్‌డీ మీద పడుతుంది.

డ్రైవే కారణమని తేలితే మొదట అనుమానించవలసింది ఖాళీ స్థలాన్ని. ఎస్‌ఎస్‌డీలోని ఫ్లాష్ మెమరీ చిప్‌లలో సమాచారాన్ని పేజీలనే చిన్న ముక్కల చొప్పున రాస్తారు గానీ, చెరపడం మాత్రం అనేక పేజీలు కలిసిన బ్లాకు మొత్తంగానే జరగాలి. అందువల్ల ఖాళీ తగ్గినకొద్దీ, ఒక చిన్న ఫైలు రాయడానికి కూడా డ్రైవు పాత బ్లాకులోని పనికొచ్చే పేజీలను మరోచోటికి మార్చి, ఆ బ్లాకును చెరిపి, ఆ తరువాతే కొత్తది రాయవలసి వస్తుంది. ఏ పేజీలు ఇక అక్కర్లేదో ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవుకు తెలియజేసే ఆదేశమే ట్రిమ్. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఇది ఉంది. ఇప్పటి విండోస్‌లో 'ఆప్టిమైజ్ డ్రైవ్స్' తెరిస్తే అది చివరిసారి ఎప్పుడు జరిగిందో కనిపిస్తుంది. లినక్స్ వాడేవారికి ఇదే పని చేసే ఎఫ్‌స్ట్రిమ్ ఆదేశం ఉంది. డ్రైవులో పది, పదిహేను శాతమైనా ఖాళీ వదలడం మేలు. ట్రిమ్ జరిగాక, పొరపాటున తొలగించిన ఫైళ్లు తిరిగి దొరుకుతాయన్న ఆశ దాదాపు వదులుకోవలసిందే.

తరువాత చూడవలసింది డ్రైవును కంప్యూటరుకు కలిపే దారి. సాటా అనే అనుసంధానంలో మూడో తరం డ్రైవు సెకనుకు సుమారు 550 మెగాబైట్లు ఇవ్వగలిగినా, రెండో తరం పోర్టుకు తగిలిస్తే 300 దాటే వీలే లేదు. అదే డ్రైవును యూఎస్‌బీ 2.0 పెట్టెలో పెడితే నలభై దగ్గరే ఆగిపోతుంది. ఎం.2 అనే సన్నని పట్టీ ఆకారంలో ఉన్నంత మాత్రాన అది సాటా కంటే వేగవంతమైన ఎన్‌వీఎంఈ రకం కానక్కర్లేదు, సాటా రకమూ అదే ఆకారంలో వస్తుంది. ఇక గాలి ఆడని చోట బిగించిన ఎన్‌వీఎంఈ డ్రైవు వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

పెద్ద ఫైలును కాపీ చేస్తున్నప్పుడు మొదట పరుగెత్తి మధ్యలో చతికిలబడితే అది సాధారణంగా లోపం కాదు. ఫ్లాష్ మెమరీలోని అతి చిన్న గది అయిన ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచే టీఎల్‌సీ, నాలుగు దాచే క్యూఎల్‌సీ రకాల్లో కొంత భాగాన్ని ఒక్క బిట్ చొప్పున వాడి వేగవంతమైన క్యాష్‌గా, అంటే తాత్కాలిక నిల్వగా, ఉంచుతారు. అది నిండగానే అసలు వేగం బయటపడుతుంది; చవక క్యూఎల్‌సీ డ్రైవుల్లో ఇది హార్డ్ డిస్కు కంటే కూడా తక్కువ కావచ్చు. పెట్టె మీద అచ్చువేసేది మాత్రం క్యాష్ నిండక ముందు వేగమే. కొనేవాడికి ఇది చెప్పకపోవడం న్యాయం కాదు.

డ్రైవు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదికలో హెచ్చరికలు వచ్చినా, ఫైళ్లు చదవలేకపోతున్నా పై పరీక్షలన్నీ పక్కన పెట్టి ముందు సమాచారాన్ని వేరే చోటికి నకలు తీసుకోవాలి.

క్యాష్ నిండిన తరువాతి వ్రాత వేగాన్ని కూడా తయారీదారులు పెట్టె మీద ముద్రించాలి. వారు ముద్రించే వరకు, మీ పత్రిక డ్రైవుల సమీక్షలు ప్రచురించేటప్పుడు ఆ అంకెను కొలిపించి ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు