కాశీ ఘాట్ల పనులు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

నమస్కారం సార్. 2023 గంగా పుష్కరాలకి అమ్మతో వచ్చాను, ఇప్పుడు మళ్ళీ వచ్చాం. 2021లో కారిడార్ ఓపెనయ్యాక లలితా ఘాట్ నుంచి నేరుగా విశ్వనాథుడి గుడికి వెళ్ళిపోవచ్చు, బాగుంది, కాదనను. కానీ మా తెలుగోళ్ళం ఎక్కువగా దిగేది కేదార్ ఘాట్ వైపు, ఆ ఎరుపు తెలుపు చారల మెట్లు అసలే నిటారు, వరద తీశాక ఒండ్రు జిగటగా పట్టేసింది, అమ్మ ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని ప్రతి మెట్టు మీదా కూర్చుంటూ దిగింది. పైపులతో కడుగుతున్నారు, చూశా, పాపం వాళ్ళ తప్పేం లేదు. కింది మెట్ల దగ్గర పట్టుకోడానికి గొలుసైనా వేయించండి. పడవ రేట్లు తెలుగులో కూడా రాయించండి, గల్లీల్లో షాపులవాళ్ళు ఎప్పుడో రాసుకున్నారు! కార్తీక పౌర్ణమికి దేవ దీపావళి జనం వస్తారు, ఆలోపే అయితే మంచిది సార్.