చేపల వేట విభాగం వార్షిక నివేదిక: పెద్ద వాల్‌ఐని కొలవడం, పట్టుకోవడం, వదలడం

గౌరవ సభ్యులకు నమస్కారం.

మే ఓపెనర్‌తో (వేట సీజన్ తెరిచే రోజు) మొదలై ఫిబ్రవరి చివరి ఆదివారంతో ముగిసిన వాల్‌ఐ సీజన్‌లో మన విభాగం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చులు కోశాధికారి పట్టికలో విడిగా ఉన్నాయి, ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది జరిగిన పెద్ద మార్పు ఒక్కటే: సభ్యులు పట్టిన పెద్ద చేపలను నమోదు చేసే ట్రోఫీ రిజిస్టర్‌లో బరువు గడి తీసేశాం. ఇకమీదట పొడవు మాత్రమే నమోదు చేస్తాం, అదీ చేపను బతికుండగా నీళ్లలో వదిలితేనే. దీని మీద గ్రూపులో చాలా వాదనలు నడిచాయి కాబట్టి కారణాలు వివరంగా రాస్తున్నాం.

కొత్తగా మిన్నెసోటా వచ్చిన సభ్యుల కోసం ముందుగా ఒక మాట. పేరు విని కొందరు దీన్ని మన వాలుగ అనుకుంటున్నారు. ఆ రెంటికీ చుట్టరికం లేదు. వాలుగకు పొలుసు ఉండదు, వాల్‌ఐ పొలుసు చేప, పెర్చ్ కుటుంబానిది. 1965 నుంచి ఈ రాష్ట్రపు అధికారిక చేప. దీని తమ్ముడిలాంటి సాగర్‌తో కూడా పొరబడుతున్నారు. తోక కింది కొసన తెల్ల మచ్చ ఉంటే వాల్‌ఐ. ఆ తెలుపు లేకుండా, వీపు మీది ముళ్ల రెక్కలో వరుసగా నల్ల చుక్కలుంటే సాగర్. రిజిస్టర్‌కు పంపే ఫోటోలో తోక కొస కనబడాలని అడుగుతున్నది ఇందుకే.

బరువు గడి ఎందుకు తీశాం

పడవలో ఊగుతున్న స్ప్రింగ్ కాటా చెప్పే బరువును నమ్మలేం. కాటా కొక్కేన్ని దవడకు తగిలించి నిలువునా వేలాడదీస్తే చేప దవడ కీలు దెబ్బతింటుంది. అందుకని చాలామంది లెక్కగట్టి బరువు పంపుతున్నారు. అసలు తగాదా ఆ లెక్కలోనే ఉంది.

వాడుకలో రెండు సూత్రాలున్నాయి. మొదటిది: పొడవు అంగుళాల ఘనాన్ని (పొడవు × పొడవు × పొడవు) 2700తో భాగిస్తే బరువు పౌన్లలో వస్తుంది. 24 అంగుళాలకు 5.1, 26కు 6.5, 28కి 8.1, 30కి సరిగ్గా 10 పౌన్లు. ముప్పై అంగుళాల చేపను ఇక్కడివాళ్లు ‘పది పౌన్లది’ అనేది ఈ లెక్కతోనే. రెండోది: నడుము చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణించి, 800తో భాగించడం.

మిన్నెసోటా రికార్డు చేప 1979 మేలో సీగల్ నదిలో పడింది. పొడవు 35.8 అంగుళాలు, చుట్టుకొలత 21.3, కాటా మీద తూగింది 17 పౌన్ల 8 ఔన్సులు. మొదటి సూత్రం దానికి 17.0 పౌన్లు చెబుతుంది, రెండోది 20.3. అంటే చుట్టుకొలత సూత్రం దాదాపు మూడు పౌన్లు దానం చేసింది. వాల్‌ఐ ఒళ్లు సన్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొందరు 800 బదులు 900 వాడతారు. అప్పుడు 18 పౌన్లకు దిగుతుంది.

చుట్టుకొలతలో చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందో చూడండి. 800తోనే భాగిస్తే, 28 అంగుళాల చేపకు టేపు 15 చూపిస్తే 7.9 పౌన్లు, 16 చూపిస్తే 9 పౌన్లు. కొట్టుకుంటున్న చేప చుట్టూ తడి టేపు తిప్పేటప్పుడు ఒక అంగుళం తేడా రావడం వింతేమీ కాదు. పైగా ఏప్రిల్‌లో గుడ్లు పెట్టకముందు నిండుగా ఉన్న ఆడచేపా, ఓపెనర్ నాటికి గుడ్లు వదిలి డొక్క లోపలికి పోయిన అదే చేపా ఒకే పొడవుంటాయి. బరువు మాత్రం ఒకటి కాదు.

కొలతలు లెక్కకు నిలవకపోతే పెద్ద రికార్డులకే గతి లేదు. టెనెసీ రాష్ట్రం ఓల్డ్ హికరీ జలాశయంలో 1960లో పడిన 25 పౌన్ల వాల్‌ఐకి 41 అంగుళాల పొడవు, 29 అంగుళాల చుట్టుకొలత రాశారు. 800 చుట్టుకొలత సూత్రంలో వేస్తే 43 పౌన్లు వస్తుంది! ఫ్రెష్‌వాటర్ ఫిషింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఫోటోను పరిశీలించి 1996లో ఆ రికార్డును తన జాబితా నుంచి కొట్టేసింది. దాని స్థానంలో నిలిచింది ఆర్కన్సా రాష్ట్రం గ్రీర్స్ ఫెర్రీ సరస్సులో 1982లో పడిన 22 పౌన్ల 11 ఔన్సుల చేప.

పొడవు కొలిచే పద్ధతి

రిజిస్టర్‌కు కనీస పొడవు 28 అంగుళాలుగానే ఉంచాం. పక్కనే ఉన్న కెనడా రాష్ట్రం మానిటోబా మాస్టర్ యాంగ్లర్ పథకంలో కూడా వాల్‌ఐకి ఇదే గీత.

బంప్ బోర్డు తప్పనిసరి. అంటే ఒక చివర నిలువు పలక ఉన్న కొలబద్ద. బోర్డును ముందు నీళ్లలో ముంచి తడపండి. ఎండకు కాలిన అల్యూమినియం బోర్డు మీద చేపను పెడితే దాని ఒంటి జిగురు బోర్డుకే అంటుకుపోతుంది. నోరు మూసి ముక్కును నిలువు పలకకు ఆనించండి. నోరు తెరిచి ఉంటే పావు అంగుళం ఊరికే వస్తుంది, అది ఒప్పుకోం. తోక రెండు కొసలనూ దగ్గరికి నొక్కి, పొడుగు కొస ఆగిన గీతను చదవండి. కింది గీతకే లెక్క, పైకి సర్దడం లేదు. 29½ చూసి 30 రాసుకుంటే పోయేది అర అంగుళమే అనిపిస్తుంది, పౌన్ల లెక్కలో అది అర పౌను.

దర్జీ టేపును చేప ఒంటి మీదుగా పరిచి కొలిచిన పొడవులు ఈ ఏడాది కూడా వచ్చాయి. పొట్ట వంపు వెంట పోయిన టేపు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. వాటిని తిప్పి పంపాం. జానలతో కొలిచి పంపినవాటి సంగతి చెప్పనక్కర్లేదు.

బోర్డు కంటే మంచి ఉపాయం ఒకటుంది. రాడ్ పిడి చివరినుంచి కొలుచుకుని 20, 24, 28, 30 అంగుళాల దగ్గర రంగు టేపు చుట్టండి. చేప వలలో, నీళ్లలోనే ఉండగా పక్కన రాడ్ పెట్టి చూస్తే సరిపోతుంది. 26 అంగుళాలదైతే పైకి తీయాల్సిన పనే లేదు, గాలం ఊడదీసి వదిలేయవచ్చు. నీళ్లలో చేప ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనబడుతుంది. కంటి అంచనా మీద ఆధారపడితే ప్రతి 25 అంగుళాల చేపా బోర్డెక్కుతుంది.

ఇది గొప్పల కోసం మాత్రమే కాదు, చట్టం కూడా. రాష్ట్రమంతటా సాధారణ నియమం ప్రకారం 20 అంగుళాలు దాటినది ఒక్కటే ఉంచుకోవచ్చు. లేక్ ఆఫ్ ది వుడ్స్ మిన్నెసోటా వైపు 19½ నుంచి 28 అంగుళాల మధ్యవన్నీ వెంటనే వదలాలి. చేప బతకదని తెలిసినా అంతే. అక్కడ 27¾కీ 28¼కీ మధ్య తేడా జరిమానా కాగితం. మిలాక్స్ సరస్సు నియమాలు సీజన్ మధ్యలో కూడా మారుతుంటాయి, బయల్దేరే ముందు రోజు రాత్రి డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) పేజీ చూసుకోండి.

చేతిలో ఉన్న అర నిమిషం

పాత నైలాన్ ముడుల వలలు పక్కన పెట్టేయమని మళ్లీ కోరుతున్నాం. ముడులు జిగురును గీకేస్తాయి, తోక రెక్కను చీలుస్తాయి, మూడు కొక్కేల గాలాలు వాటిలో చిక్కుకుంటే విడదీయడానికే రెండు నిమిషాలు పోతాయి. రబ్బరు పూత ఉన్న, ముడుల్లేని వల కొనుక్కోండి. చేపను తలవైపు నుంచి వలలోకి రానివ్వాలి, తోక వెనక వల పట్టుకు పరిగెత్తకూడదు.

చేతులు తడుపుకోండి. గుడ్డతో, పొడి చేతి తొడుగుతో పట్టుకోవద్దు. జిగురు పోయినచోట ఫంగస్ పడుతుంది, చేప చచ్చేది వారం తర్వాత కాబట్టి మన కంటికి కనబడదు.

పట్టు ఇలా. ఎడమచేతి వేళ్లను మొప్ప డిప్ప కింద, దవడ ఎముక వైపు జరిపి పెట్టండి. ఎర్రటి మొప్పలకూ తెల్లటి దువ్వెన పళ్లకూ వేలు తగలకూడదు. డిప్ప అంచు బ్లేడులా ఉంటుంది, తొందరపడితే తెగేది మన వేలే. కుడిచేతిని పొట్ట కింద, మలద్వారం రెక్కకు కాస్త ముందు ఆనించి చేపను అడ్డంగా ఎత్తండి. నోట్లో బొటనవేలు పెట్టి బాస్ చేపలా ఎత్తబోతే కోరపళ్లు దిగుతాయి. కంటి గుంటల్లో వేళ్లు పెట్టి ఎత్తే పాత అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. అలా పట్టిన చేపను వదిలినా గుడ్డిదైపోవచ్చు. అలాంటి ఫోటో వస్తే పొడవు ఎంతున్నా రిజిస్టర్‌లో ఎక్కదు.

చేప నీళ్లు దాటిన క్షణంలో మీరు ఊపిరి బిగబట్టండి. మీకు ఉక్కిరిబిక్కిరి అయ్యేసరికి దానికీ అయిందని లెక్క. ప్లయర్, బోర్డు, ఫోన్ ముందే చేతికందేలా ఉండాలి, కెమెరా తెరిచాకే చేపను పైకి తీయాలి. మొదటి ఫోటో బోర్డు మీద, రెండోది చేతుల్లో. చేతులు బారజాపి కెమెరా ముందుకు తోస్తే చేప పెద్దదిగా కనబడుతుందని అందరికీ తెలుసు, పరిశీలించేవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

గాలం లోపలికి మింగితే లాగొద్దు. దారాన్ని నోటి దగ్గర కత్తిరించి వదలండి. గొంతులోంచి పెకిలించిన చేపల కంటే కొక్కెంతో వదిలినవే ఎక్కువ బతుకుతాయి. జీవమున్న ఎరతో ఈ బెడద ఎక్కువ. పెద్ద చేపల కోసమే వెళ్లే రోజు ముల్లు నొక్కేసిన గాలాలు వాడితే సగం గొడవ తగ్గుతుంది.

వదిలేటప్పుడు ముందుకూ వెనక్కూ ఊపొద్దు. వెనక్కి లాగినప్పుడు నీరు మొప్పల్లోకి తిరగబడుతుంది. తోక మొదలు పట్టుకుని నిటారుగా, నీటి పారుదలకు ఎదురుగా నిలపండి. అదే తోక విదిలించుకుని పోవాలి.

లోతు, వేడి, చలి

పద్ధతంతా సరిగ్గా పాటించినా చేప తేలిపోయిందని కొందరు సభ్యులు అడిగారు. కారణం లోతు. 33 అడుగుల దగ్గర పీడనం నీటి పైభాగం కంటే రెట్టింపు, అక్కణ్నుంచి పైకి వచ్చేసరికి గాలితిత్తిలోని గాలి రెట్టింపు చోటు అడుగుతుంది. మన బొచ్చె, శీలావతి లాంటి కార్పులకు గాలితిత్తి నుంచి గొంతుకు గొట్టం ఉంటుంది, గాలి కక్కేస్తాయి. వాల్‌ఐకి ఆ దారి లేదు. రక్తంలోకి మెల్లగా పీల్చుకోవాల్సిందే, దానికి గంటలు పడుతుంది. కళ్లు ఉబ్బడం, పొట్ట బిగియడం, నోట్లోంచి కడుపు బయటకు రావడం దీని గుర్తులు. నెమ్మదిగా లాగితే సరిపోతుందన్న మాట నిజం కాదు. సూదితో పొడిచి గాలి తీయబోతే లోపలి అవయవాలు చిల్లులు పడతాయి, చేయొద్దు. 30 అడుగులు దాటిన చోట వదిలే ఉద్దేశంతో వేట ఆడకపోవడమే మందు. మంచు మీద వేటకూ ఇదే వర్తిస్తుంది.

నీరు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక వదిలిన చేపల్లో చావులు బాగా పెరుగుతాయి. జూలై, ఆగస్టుల్లో రిజిస్టర్ కోసం ప్రత్యేకంగా వేటకు వెళ్లొద్దని ఈ ఏడాది నుంచి కోరుతున్నాం. జనవరిలో సమస్య తారుమారు. గాలి సున్నాకు దిగువన ఉంటే తడి మొప్పలూ కళ్లూ క్షణాల్లో గడ్డకడతాయి. మంచు మీద పడుకోబెట్టి ఫోటో తీయొద్దు. ఐస్‌హౌస్ (మంచు మీద వేసుకునే వేట గుడిసె) లోపలే, రంధ్రం పక్కనే కానిచ్చేయండి.

గోడకు, గిన్నెకు

గోడకు తగిలించుకోవాలంటే చేపను చంపక్కర్లేదు. పొడవు, చుట్టుకొలత, రెండు పక్కల నుంచి తీసిన ఫోటోలు ఇస్తే ఫైబర్‌గ్లాస్ నమూనా చేసిస్తారు. చుట్టుకొలతకు తడిపిన నూలు దారాన్ని వీపు రెక్క మొదలుకు కాస్త ముందు, లావుపాటి చోట ఒక చుట్టు చుట్టి గోటితో నొక్కి పట్టుకోండి. చేపను వదిలాక తీరిగ్గా కొలవచ్చు. రాష్ట్ర బరువు రికార్డుకు పోటీపడేది మాత్రం వేరు సంగతి. దాన్ని ధృవీకరించిన కాటా మీద ఇద్దరు సాక్షుల ముందు తూచి, డీఎన్‌ఆర్ మత్స్య కార్యాలయంలో చూపించాలి.

పులుసుకు చేప ఎంత పెద్దదైతే అంత రుచి అన్నది గోదావరి లెక్క. వాల్‌ఐకి అది చెల్లదు. ఇక్కడ 25 అంగుళాలు దాటినవి దాదాపు అన్నీ ఆడవే, పౌను బరువుకు సుమారు పాతికవేల గుడ్లు పెట్టే తల్లులు. ఏళ్ల తరబడి చిన్న చేపలను తిన్నందువల్ల పాదరసం కూడా వాటిలోనే పోగుపడి ఉంటుంది. వండుకోవడానికి 15 నుంచి 18 అంగుళాలవి సరిగ్గా సరిపోతాయి. ముక్క గట్టిగా ఉంటుంది, వేపుడుకు విరగదు. గర్భిణులు, పిల్లలు ఎంత తినవచ్చో ఆరోగ్యశాఖ పట్టికలో సరస్సువారీగా ఉంది.

వచ్చే సీజన్‌కు

సంఘం బంప్ బోర్డులు, రబ్బరు వలలు సభ్యులు వారాంతానికి తీసుకెళ్లవచ్చు. సోమవారానికల్లా కడిగి, పూర్తిగా ఆరబెట్టి తిరిగివ్వాలి. ఒక సరస్సు నీళ్లు ఇంకో సరస్సుకు చేరకూడదు. రిజిస్టర్ కొత్త ఫారంలో పొడవు, తేదీ, సరస్సు పేరు, నీటి ఉష్ణోగ్రత, పట్టిన లోతు అనే గడులున్నాయి. చివరి రెండూ ఖాళీగా పంపితే ఫారం తిరిగొస్తుంది. ఓపెనర్‌కు ముందు శనివారం కార్యవర్గం సభ్యుల రాడ్లకు కొలత గుర్తులు వేస్తుంది. రాడ్ తెచ్చుకోండి, టేపు మేం తెస్తాం.