పంచాంగంల దొరికిన సైన్ గ్రాఫు

ఎడిటర్ గారికి నమస్తే. మాది దేవరకొండ, మోటర్ వైండింగ్ షాపు నడుపుత. మీ పేపర్ల రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం టైములు చిన్న అక్షరాలల్ల వేస్తరు కదా, ఆ రెండు లైన్ల గురించే ఈ ఉత్తరం.

మా బిడ్డ ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మొన్న రాత్రి సైన్ గ్రాఫు గీస్తుంటే చూసిన, 0, 90, 180, 270, 360 డిగ్రీల కాడ 0, 1, 0, మైనస్ 1, 0 అని ఐదు చుక్కలు పెట్టి స్కేలుతోని కలిపేసింది, అచ్చం రేకుల షెడ్డు కప్పు లెక్క ఉన్నది. ఇదేందమ్మా మొన అట్ల పొడుచుకొచ్చిందంటే "చుక్కలు కరెక్టుంటే మార్కులేస్తరు నాన్నా" అన్నది. నేను ఐటీఐ చదివినోన్ని, కరెంటు అల గుండ్రంగ తిరుగుతదని తెలుసు, ఎందుకు అంటే మాత్రం నాకూ నోట మాట రాలె.

పాత పేపర్లు చూద్దామంటే అన్నీ కిరాణం పొట్లాలకు పోయినయి, అందుకే ఇంట్ల ఉన్న ఉగాది పంచాంగం తీసినం. నెలకు మూడు తేదీలు పట్టుకొని, అస్తమయంల నుంచి ఉదయం తీసేసి పగలు ఎన్ని నిమిషాలో గ్రాఫు పేపర్ మీద చుక్కలు పెట్టుకుంట పోయినం. మార్చి 21 కాడ 12 గంటల మీద కొన్ని నిమిషాలు, ఆడికెల్లి రోజుకు దగ్గరదగ్గర ఒక నిమిషం పెరుగుతది, మే నెల వచ్చేసరికి ఆ పెరుగుడు మెల్లగైతది, జూన్ 21కి ముందో వారం ఎనకో వారం చూస్తే అంకె కదలనే కదలదు, 13 గంటలు దాటి ఆడనే కూసుంటది, మల్ల మెల్లగ దిగుడు షురూ. ఇగ మొన యాడికెల్లి వస్తది? సైన్ టేబుల్ల కూడా ఇదే ఉన్నది, 0 నుంచి 30 డిగ్రీలకే సగం ఎత్తు ఎక్కుతది, 60 నుంచి 90 దాకా ఎక్కేది 0.134 మాత్రమే, పదో తరగతి నుంచి బట్టీ కొడుతున్న టేబులే అది.

ఏడాదంటే 360 డిగ్రీలు అనుకుంటే రోజుకు ఇంచుమించు ఒక డిగ్రీ. నడుమ గీతకు, అంటే దగ్గరదగ్గర 12 గంటలకు, పైకి గంట, కిందికి గంట, యాంప్లిట్యూడ్ అంటే గంతే. డిసెంబర్ 21కి 11 గంటల చిల్లరకు దిగుతది. జూన్ 21 నుంచి మొదలువెట్టి చూడమన్న, "ఇది కాసైన్ కదా!" అని తనే అన్నది, ఎందుకనంటే అది పైనుంచే మొదలైతది, అల అదే, మూడు నెలలు అంటే 90 డిగ్రీలు జరిగిందంతే. మా మోటర్లకొచ్చే మూడు ఫేజులు కూడా ఒకే అల 120 డిగ్రీల చొప్పున జరిగినయే.

ఒకటి మాత్రం యాది పెట్టుకోవాలె, ఉత్త సూర్యోదయం టైములే గీస్తే లెక్క కుదరదు, డిసెంబర్ 21 తర్వాత పగలు పెరుగుతున్నా జనవరిల పొద్దు ఇంకా ఆలస్యంగనే పొడుస్తది, మేము ముందు అదే తప్పు చేసి ఒక పేపర్ ఖరాబు చేసినం.

మీ స్టూడెంట్ పేజీల బిట్లు వేస్తున్నరు, మంచిదే. ఒక్క ఆదివారం ఈ పన్నెండు నెలల టైములు, పక్కన ఖాళీ గ్రాఫు గళ్లు వేయుండ్రి, పిల్లలే గీసుకుంటరు. ఆ టైములు ఏ ఊరివో కూడా రాయుండ్రి సార్.

— ఒక వైండింగ్ మెకానిక్, దేవరకొండ, నల్లగొండ జిల్లా