మీరు "పరిష్కారమైంది" అని మూసేసిన ఫిర్యాదు గురించి

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మాటతో నడిచే స్పీకరు, స్విచ్చులు. మీ రికార్డుల్లో పరిష్కారమై, మా ఇంట్లో పరిష్కారం కాని సమస్య.

అయ్యా / అమ్మా,

మీ పేరు రాసి మొదలుపెడదామనుకున్నాను. వెబ్‌సైటంతా వెతికినా ఒక్క మనిషి పేరూ కనబడలేదు. కాబట్టి ఈ ఉత్తరం ఎవరి బల్ల మీద పడితే వారే దయచేసి చదవాలి. చదవకుండానే మూసేసే అలవాటు మీ కార్యాలయంలో ఉందని అనుభవం మీద తెలుసుకున్నాను. అందుకే మెయిల్లో కాకుండా స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం తపాలా శాఖ దగ్గరైనా, ఇది మీకు చేరిందని ఒక కాగితం ఉంటుంది.

చెడిపోయింది ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అసలు బాధ అది కాదు. మీ దగ్గర కొన్న స్పీకరు, స్విచ్ బోర్డుల లోపల బిగించిన పరికరాలు కొన్ని నెలలు చక్కగా పనిచేశాయి. మీ యాప్ కొత్త రూపంలోకి మారిన రోజు నుంచి స్పీకరుకు ఏమి చెప్పినా "ఆ పరికరం స్పందించడం లేదు" అంటోంది. గోడ మీద స్విచ్చు నొక్కితే లైటు వెలుగుతుంది. ఫోనులో యాప్ తెరిచి నొక్కినా వెలుగుతుంది. నోటితో చెబితే మాత్రం వెలగదు.

నోటితో చెప్పడం కోసమే కదా కొన్నది! మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. నేను బ్యాంకుకు, మా వారు ఆఫీసుకు వెళ్లాక పగలు చాలాసేపు ఆవిడ ఒక్కరే ఉంటారు. మంచం మీద నుంచి స్విచ్ బోర్డు నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులు ఆవిడకు ఎంత దూరమో మీకు చెప్పినా తెలియదు. మీ స్పీకరు తెలుగు వింటుందని ప్రకటనలో చూసి తెచ్చాము. మొదట్లో "అమ్మా, కాస్త ఫ్యాను వెయ్యి తల్లీ" అని అడిగేవారు. అలా అడిగితే దానికి అర్థం కాదని గ్రహించి "హాల్లో ఫ్యాను వెయ్యి" అని ఆజ్ఞాపించడం నేర్చుకున్నారు. రాజమహేంద్రవరం ఎండల్లో ఎవరినీ పిలవకుండా తన ఫ్యాను తాను వేసుకోగలగడం ఆవిడకు ఎంత ధైర్యమిచ్చిందో మేము కళ్లారా చూశాము. మీ ప్రకటనలో ఒక కుర్రవాడు సోఫాలో పడుకుని ఊదారంగు లైట్లు వేయించుకుంటాడు. ఆ కుర్రవాడు లేచి స్విచ్చు వేసుకోగలడు. మీ వస్తువు నిజంగా ఎవరికి అవసరమో మీ ప్రకటనల విభాగానికి తెలిసినట్టు లేదు.

ఇక మీ సేవ గురించి.

మీ హెల్ప్‌లైనుకు ఫోను చేస్తే ముందు ఒక యంత్రం పలికింది. "మీ సమస్యను క్లుప్తంగా చెప్పండి" అంది. చెప్పాను. "క్షమించండి, అర్థం కాలేదు" అంది. గట్టిగా చెప్పాను, నెమ్మదిగా చెప్పాను, చివరికి ఇంగ్లీషులో చెప్పాను. దాని జవాబు మారలేదు. ఆఖరుకు "దయచేసి మీ ఫోనులో ఒకటి నొక్కండి" అంది. మాటతో ఇల్లంతా నడిపిస్తామని డబ్బు తీసుకున్న కంపెనీ, తన ఇంటికి ఫోను చేస్తే మీట నొక్కమంటోంది. నొక్కాను. సంగీతం వచ్చింది. ఆ సంగీతం ఇప్పుడు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

సంగీతం తర్వాత మొదట దొరికిన అబ్బాయి హిందీలో మొదలుపెట్టాడు. తెలుగు కావాలని మొదటి మీట దగ్గరే చెప్పానన్నాను. మళ్లీ సంగీతం. తెలుగు వచ్చిన అమ్మాయి గొంతు చాలా మధురంగా ఉంది. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము మేడమ్" అన్నది. మీ ఇంట్లో కరెంటు ఉందా అని అడిగింది. ఉందన్నాను. వైఫై ఉందా? ఉంది. రూటరు ఆపి మళ్లీ వేశారా? వేశాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము మేడమ్." స్పీకరు మీద మీట పది సెకన్లు నొక్కి పట్టుకోమంది. నొక్కాను. గదుల పేర్లు, లైట్ల పేర్లు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అంతా మొదటి నుంచి పెట్టుకుంటే బాగవుతుందని చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగి పెట్టేసింది. రాత్రి పిల్లలు, నేను కూర్చుని ప్రతి లైటుకూ మళ్లీ పేరు పెట్టాము. "ఆ పరికరం స్పందించడం లేదు." నామకరణాలు మాత్రం ఘనంగా జరిగాయి.

తర్వాత ఫోను చేస్తే, ఇది స్పీకరు విభాగం కాదు, స్విచ్చుల విభాగంతో మాట్లాడాలన్నారు. స్విచ్చుల విభాగం వారు స్విచ్చులు యాప్‌లో పనిచేస్తున్నాయి కాబట్టి లోపం స్పీకరుదే అన్నారు. స్పీకరు విభాగం వారు స్పీకరు వాతావరణం చెబుతోంది, పంచాంగం చెబుతోంది, కాబట్టి లోపం స్విచ్చులదే అన్నారు. రెండు విభాగాలూ ఒకే కంపెనీ కదా, మీలో మీరే ఒకసారి మాట్లాడుకోకూడదా అని అడిగాను. "అలాంటి ఏర్పాటు లేదు మేడమ్" అన్నారు. బహుశా జబ్బు కూడా అదే. గోడ స్విచ్చు పనిచేస్తోంది కాబట్టి కరెంటు ఉంది. యాప్ పనిచేస్తోంది కాబట్టి వైఫై ఉంది, పరికరమూ బతికే ఉంది. స్పీకరు అడిగిన సంగతులన్నీ చెబుతోంది కాబట్టి దానికి చెవీ నోరూ ఉన్నాయి. మిగిలింది, ఎక్కడో ఉన్న మీ సర్వర్లలో స్పీకరుకూ స్విచ్చులకూ మధ్య ఉండవలసిన లంకె. మీ యాప్ మారిన రోజున అది తెగింది. ఇది కనిపెట్టడానికి నేను ఇంజనీరును కానక్కర లేకపోయింది. ఇంటర్నెట్ కంపెనీ వారిని అడగమన్నారు, అడిగాను, లైను బాగుందన్నారు. ఎలక్ట్రీషియన్‌ను పిలవమన్నారు, పిలిచాను. అతను బోర్డు విప్పి చూసి, న్యూట్రల్ వైరు దగ్గర నుంచి అంతా సరిగ్గానే ఉందని చెప్పి, తన కూలి తాను తీసుకుని వెళ్లాడు. ఆ కూలి కూడా నా ఖర్చే.

చివరికి మీ టెక్నీషియన్ వస్తాడన్నారు. సెలవు పెట్టుకుని కూర్చున్న రోజు రాలేదు. నేను బ్యాంకులో ఉన్న రోజు వచ్చాడు. గుమ్మంలో నిలబడి నాకు ఫోను చేసి, "ఓటీపీ చెబితేనే పని మొదలుపెట్టడానికి వీలవుతుంది మేడమ్" అన్నాడు. చెప్పాను. అతను రూటరును ఫొటో తీసుకున్నాడట, స్పీకరును ఫొటో తీసుకున్నాడట, పై వాళ్లకు చెబుతానని వెళ్లిపోయాడట. అతను మెట్లు దిగే లోపలే నాకు ఎస్ఎంఎస్ వచ్చింది: "మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" ఒక్క నక్షత్రం ఇచ్చాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది. మళ్లీ ఫిర్యాదు పెడితే కొత్త నంబరు ఇచ్చారు. పాత సంగతి ఏదీ వాళ్లకు కనబడదట. మళ్లీ కరెంటు ఉందా, వైఫై ఉందా దగ్గర నుంచి మొదలు. ఆ నంబరూ దానంతట అదే మూసుకుపోయింది. ఇలా మూసుకుపోయిన నంబర్ల జాబితా దీనితో జతపరుస్తున్నాను.

సామాజిక మాధ్యమంలో నలుగురూ చూసేలా రాసినప్పుడు మాత్రం నిమిషాల మీద బదులు వచ్చింది. "ఇది వినడానికి బాధగా ఉంది, మీ నంబరు మాకు విడిగా పంపండి" అన్నారు. పంపాను. ఆ బాధ అక్కడితో తీరిపోయినట్టుంది, మళ్లీ పలకలేదు.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. కానీ ఆ తర్వాత మాట్లాడిన మీ సూపర్‌వైజరు గారు అన్న మాట ఓర్చుకోలేను. "మీ అత్తగారి ఉచ్చారణ స్పష్టంగా లేకపోవడం వల్ల పరికరం గుర్తించలేకపోతుండవచ్చు" అన్నారాయన. పక్షవాతం వచ్చిన మనిషి మాట కొంచెం ముద్దగానే ఉంటుంది. అదే ముద్దమాటను మీ స్పీకరు నెలల పాటు అర్థం చేసుకుంది. ఇప్పుడు ఆవిడ మాటే కాదు, నా మాటా, మా అబ్బాయి మాటా వినడం లేదు. మాట అర్థం కాకపోతే "అర్థం కాలేదు" అనాలి కదా, పరికరం పేరు సరిగ్గా పలికి మరీ "స్పందించడం లేదు" అని ఎందుకంటుంది? ఇది అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. "నోట్ చేసుకున్నాను" అన్నారు. ఫోను స్పీకర్లో ఉంది. అత్తయ్య విన్నారు. ఆ రోజు నుంచి ఆవిడ ఆ పెట్టెతో మాట్లాడడం మానేశారు. "నా నోరే సరిగ్గా లేదులే అమ్మా, వాళ్లననడం ఎందుకు" అన్నారు. మీకు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో ఇప్పటికైనా అర్థమైందనుకుంటాను.

నేనూ కౌంటరు వెనక కూర్చునే ఉద్యోగినే. మా దగ్గర పని కాకుండానే ఖాతాదారుకు "పని అయింది" అని చీటీ ఇచ్చి పంపితే సాయంత్రం మేనేజరు గదిలో సంజాయిషీ చెప్పుకునేది నేనే. ఫిర్యాదుకు 30 రోజుల్లో బ్యాంకు బదులివ్వకపోతే ఖాతాదారు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆ భయంతోనో భక్తితోనో మేము బదులిస్తాము. మీకు ఏ భయం ఉందో ఇంకా కనుక్కోవలసి ఉంది.

భక్తి మాత్రం మా వైపు నుంచి తక్కువ కాలేదు. ఈ ఇల్లు కట్టినప్పుడు మా మామయ్య గారు అన్ని గదుల్లోనూ మీ ఫ్యాన్లే బిగించారు. వాటిలో రెండు ఇప్పటికీ తిరుగుతున్నాయి, వాటికి యాప్ లేదు కాబట్టి. తర్వాత గీజరు మీదే, మిక్సీ మీదే, మా ఆడపడుచు పెళ్లిలో సారె కింద ఇచ్చిన సామానూ మీదే. ఈ స్పీకరు వచ్చిన కొత్తలో మా బ్రాంచిలో ఇద్దరు నా మాట విని కొన్నారు. వాళ్లకిప్పుడు నేను ముఖం చూపించలేకపోతున్నాను.

ఇంకొక సందేహం ఉంది, దీనికి సూటిగా జవాబు కావాలి. మీరు ఈ సేవను మెల్లగా ఎత్తేయబోతున్నారా? ఎందుకు అడుగుతున్నానంటే, ఇలాంటివి జరిగాయని మా అబ్బాయి చదివి చెప్పాడు. అమెరికాలో ఇంటి పరికరాలన్నిటినీ కలిపి నడిపే రివాల్వ్ అనే హబ్‌ను తయారుచేసిన కంపెనీని నెస్ట్ అనే మరో కంపెనీ 2014లో కొని, 2016 మేలో దాని సర్వర్లు ఆపేసిందట. డబ్బు పెట్టి కొన్నవాళ్ల ఇళ్లలో హబ్బులు ఉత్త డబ్బాలైపోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే ఇలాంటి పరికరాల కంపెనీ సర్వర్లు ఒక్క మాటైనా చెప్పకుండా ఆగిపోయాయి. తర్వాత వాడుకునేవాళ్లే కొందరు కలిసి ఆ కంపెనీని కొని నిలబెట్టుకున్నారు. మాకు అంత స్తోమత లేదు, మీ కంపెనీని కొనలేము. అదే 2022 అక్టోబరులో "మ్యాటర్" అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. దాన్ని పాటించే పరికరాలు వేరు వేరు కంపెనీలవైనా ఇంటి నెట్‌వర్క్ లోపలే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. మీ స్పీకరు, మీ స్విచ్చులు ఒక కడుపున పుట్టి కూడా మాట్లాడుకోవు. మంచం మీది మనిషి అన్న మాట ఎక్కడో ఉన్న సర్వరు దాకా వెళ్లి, తిరిగి వచ్చి, నెత్తి మీది ఫ్యానును తిప్పాలి. ఆ దారి మీ చేతుల్లో ఉంది. దాన్ని కాపలా కాసే ఓపిక లేనప్పుడు నడవలేనివాళ్లకు ఇవి అమ్మకండి.

ఇప్పుడు నాకేమి కావాలని అడుగుతారేమో. ఇంతవరకూ ఎవరూ అడగలేదనుకోండి. ముందుగా, మూసేసిన ఆ ఫిర్యాదులన్నీ తెరిచి, "పరిష్కారం కాలేదు" అని రాయండి. ఒక పేరు, ఒక నేరు ఫోను నంబరు ఉన్న మనిషిని నాకు ఇవ్వండి. పరికరాలు బాగుచేయండి, లేదా ఎలక్ట్రీషియన్ కూలితో సహా డబ్బు మొత్తం తిరిగి ఇవ్వండి. ఆ సూపర్‌వైజరు గారు అత్తయ్యకు ఫోను చేసి క్షమాపణ చెప్పాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న వాక్యం మాత్రం అందులో ఉండకూడదు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీరు ఫిర్యాదుల అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు వెబ్‌సైటులో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి. నెల లోపల తేల్చాలి. మీరు పెట్టింది, బదులివ్వవద్దని తనే చెప్పే ఒక మెయిల్ చిరునామా. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ మాత్రం మనిషి పలికాడు. ఈ ఉత్తరం అందిన నెలలోగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. ఆ చట్టం ప్రకారం నేను నివసించే చోటే వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. వకీలూ అక్కర్లేదు, నా వాదన నేనే వినిపించుకుంటాను. మీవారే ఊరు దాటి ఇక్కడికి రావలసి ఉంటుంది. ఓటీపీ చెబితే కేసు మూసుకుపోయే పద్ధతి అక్కడ లేదని విన్నాను.

నా చిరునామా, ఫోను నంబరు మీ దగ్గర లేవనడానికి వీల్లేదు. మాటతో తెరుచుకునే కొత్త తలుపు తాళం మీద తగ్గింపు ఇస్తున్నామని మీ ప్రకటనలు ఈ నంబరుకే రోజూ వస్తున్నాయి.

ఇట్లు,
మీ పాత వినియోగదారురాలు,
రాజమహేంద్రవరం

జతపరచినవి: కొనుగోలు బిల్లు నకలు, మూసివేసిన ఫిర్యాదు నంబర్ల జాబితా, ఎలక్ట్రీషియన్ ఇచ్చిన రసీదు.