సగం చదివిన అయిదు పుస్తకాల సంగతి

పర్లాకిమిడి,
ఆదివారం

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. తలగడ పక్కన అయిదు పుస్తకాలు సగం సగం చదివి పడి ఉన్నాయని, వాటిని చూస్తే టెన్షన్‌గా ఉంటోందని, ఇకమీదట ఒకటి ముగించేదాకా రెండోది ముట్టనని ఒట్టు పెట్టుకున్నావని రాశావు. ముందు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. ఎందుకో చెప్తాను.

మనవాళ్లకి రెండు అలవాట్లూ ఉన్నాయి. భాగవత సప్తాహం పెట్టారంటే ఏడు రోజులూ అదొక్కటే. పరీక్షిత్తుకి ఉన్న గడువే అంత, మధ్యలో ఇంకో కథకి చోటెక్కడిది? వారపత్రికల కాలంలో చూడు, మీ అమ్మగారూ మా అమ్మా ఒకే వారంలో మూడు నాలుగు సీరియల్స్ చదివేవాళ్లు. ఒక దాంట్లో పెళ్లి ఆగిపోయేది, ఇంకో దాంట్లో ఎవరో హత్యకి గురయ్యేవాళ్లు. సాయంత్రం మీ అరుగు మీద కూర్చుని అన్నీ చర్చించేవాళ్లు. ఒక కథలో మనిషిని ఇంకో కథలోకి తెచ్చి తడబడడం నేనెప్పుడూ వినలేదు. వాళ్లకి అదెలా కుదిరిందా అని చాలాసార్లు ఆలోచించాను. ప్రతి భాగానికీ పైన 'జరిగిన కథ' అని నాలుగు వాక్యాలు ఉండేవి, అదొకటి. పైగా రచయిత ఎక్కడ ఆపాలో ఆలోచించుకుని ఆపేవాడు. మనం ఆపేది నిద్ర ముంచుకొచ్చిన చోట. మర్నాడు ఆ పేజీ తెరిస్తే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కాదు. రెండు పేజీలు వెనక్కి తిప్పుతాం, విసుగొస్తుంది, పక్కనున్న కొత్తదాని మీద చెయ్యి పడుతుంది. నీ అయిదూ అలా పోగుపడినవేనని నా అనుమానం.

అందుకే నవల విషయంలో నాది సప్తాహం పద్ధతి. నవల పట్టుకుంటే ఇంకో నవల తెరవకూడదు. ఆ ఊళ్లో, ఆ మనుషుల మధ్య కొన్నాళ్లు ఉండాలి. కానీ ఆ నియమాన్ని అన్ని పుస్తకాలకీ పెట్టకు. చరిత్ర, వ్యాసాలు, కవిత్వం, భాష నేర్పే పుస్తకాలు, ఇవన్నీ పక్కపక్కన సాగితేనే మంచిదని నా గట్టి నమ్మకం. అమెరికాలో కోర్నెల్, బ్యోర్క్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఒక ప్రయోగం ప్రచురించారు. పన్నెండు మంది చిత్రకారుల బొమ్మలు చూపించి, ఎవరి శైలి ఏదో గుర్తుపట్టడం నేర్పారు. కొందరు చిత్రకారుల బొమ్మలు ఒక్కొక్కరివీ వరసగా, మిగతావాళ్లవి కలగలిపి చూపించారు. చూసినవాళ్లు కలగలిపి చూపించిన చిత్రకారుల శైలినే బాగా పట్టుకోగలిగారు. తమాషా ఏమిటంటే, ఆ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది మాత్రం వరసగా చూస్తేనే బాగా వచ్చిందనుకున్నారు! బొమ్మలకి చేసిన ప్రయోగాన్ని పుస్తకాలకి ఎంతవరకు లాగొచ్చో నువ్వే ఆలోచించు. నాకు మాత్రం ఒకరి వ్యాసం పక్కన ఇంకొకరిది చదివినప్పుడే ఇద్దరి తేడా తెలుస్తుంది.

అంత దూరం ఎందుకు, మన ఊరి గిడుగు రామమూర్తి గారినే తీసుకో. 1880లో ఇక్కడ పంతులుగా చేరారు. బళ్లో పాఠాలు చెప్తూనే పరీక్షలకి చదువుకున్నారు, ముఖలింగం శాసనాలు చదివారు, ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఒకటి ముగిశాకే ఇంకొకటి అని ఆయన కూర్చుని ఉంటే ఏమయ్యేది?

ఇంకో సంగతి. దీన్ని నువ్వు శ్రీకాకుళంలో మర్చిపోయి ఉంటావు, చుట్టూ తెలుగే కదా. 1936లో ఒడిశా ఏర్పడి మన ఊరు ఇటు వచ్చింది. ఆంధ్రాలోని పాతపట్నం ఇంత దగ్గర్లో ఉన్నా ఇక్కడ బోర్డులు, ఆఫీసు కాగితాలు, పిల్లల చదువు ఎక్కువగా ఒడియాలోనే. నాకు ఒడియా నవలలంటే ప్రాణం, ఆ సంగతి నీకు తెలుసు. కానీ లావుపాటి ఒడియా నవల ఒకటి మొదలుపెట్టి నీ ఒట్టు ప్రకారం నడిచాననుకో, అది అయ్యేదాకా ఇంట్లో తెలుగు పుస్తకం తెరుచుకోదు. అలా ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపడితే తెలుగు చదివే వేగం పడిపోతుంది, ఒత్తుల దగ్గర కన్ను ఆగిపోతుంది. పెద్దవాళ్లం మనకే ఇలా ఉంటే, బడిలో తెలుగు లేని మా అమ్మాయి సంగతి చెప్పాలా? అది తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. నాకు గుండె తరుక్కుపోతుందిరా. అందుకే మా ఇంట్లో ఎప్పుడూ రెండు పుస్తకాలు తెరిచి ఉంటాయి. పొద్దున్న ఒడియా, రాత్రి భోజనాలయ్యాక తెలుగు, అదీ పైకి చదవడం. పగలు నవల నడుస్తుంటే రాత్రికి చిన్న కథలు. గుణుపురం ప్యాసింజర్‌లో వెళ్తే సంచిలో వ్యాసాలు పెట్టుకుంటాను, ఏ స్టేషన్‌లో ఆపినా నష్టం లేదు. దేని వేళ దానిదే కాబట్టి ఒకదానికొకటి అడ్డు రావు.

నువ్వు కూడా ఒక పని చెయ్యి. ప్రతి పుస్తకంలో ఒక కాగితం ముక్క పెట్టుకుని, మూసేముందు 'జరిగిన కథ' రెండు వాక్యాలు రాసుకో. పుస్తకం చూసి కాకుండా, గుర్తున్నంత మటుకే. ఏమీ రాయలేకపోతే ఆ పూట కన్ను కదిలిందే గానీ చదివింది లేదన్నమాట. ఎన్నిసార్లు తెరిచినా రాయబుద్ధి కాని పుస్తకం ఉంటే మొహమాటపడకుండా లైబ్రరీకి ఇచ్చెయ్యి.

నీ అయిదింటిలో రెండు నవలలున్నాయన్నావు. ఎక్కువ చదివేసినదాన్ని ఉంచుకుని ముందు అది ముగించు. రెండోది పాతపట్నం వచ్చే వాళ్లెవరి చేతైనా నాకు పంపు. దసరాకి వచ్చినప్పుడు తీసుకుందువు గాని, ఈలోపు మా అమ్మాయికి రోజుకి కొంచెం చదివి వినిపిస్తాను. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు