వార్షిక నివేదిక: పంచే పని ఎవరి చేతిలో పెట్టాం

సహవాస సభ్యులందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. కిందటి క్రిస్మస్‌కి విధవరాండ్రకు బియ్యం, చీరలు పంచినప్పుడు చెరువుకట్ట వీధిలో తొమ్మిదిమంది పేర్లు జాబితాలో లేవు. జాబితా రాసింది నేనే. గుర్తున్న పేర్లు రాసుకుంటూ పోయాను, ఆ వీధికి నేను వెళ్లేది తక్కువ. ఒక పెద్దమ్మ సంచీ మడిచి చంకలో పెట్టుకుని చివరిదాకా చర్చి వరండాలోనే నిలబడింది. "మా పేరు పిలవలేదయ్యా" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జనవరి కార్యవర్గ సమావేశంలో పాస్టరు గారు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చదివించారు. యెరూషలేములోని తొలి సంఘంలోనూ ఇదే గొడవ. రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూశారని గ్రీకు భాష మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు వాళ్ల మీద కోప్పడలేదు, ఏడుగురిని మీరే ఎంచుకోండి అన్నారు. ఎంపికైనవాళ్లు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఏడూ గ్రీకు పేర్లే! అన్యాయం జరిగిందన్న వైపువాళ్లకే పంపకం అప్పగించారని నాకు అర్థమైంది. చిన్నప్పటి నుంచి వింటున్న వాక్యమే అయినా, ఆ పేర్ల సంగతి నేనెప్పుడూ గమనించలేదు.

మనమూ అలాగే చేశాం. చెరువుకట్ట వీధి అక్కలు ఇద్దరికి జాబితా పుస్తకం అప్పగించాం. వాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. చనిపోయినవాళ్ల పేర్లు, ఊరు వదిలి కొడుకుల దగ్గరికి వెళ్లిపోయినవాళ్ల పేర్లు మన పుస్తకంలో ఇంకా ఉన్నాయి. మంచం పట్టి ఆరాధనకు రాలేనివాళ్ల పేర్లు మాత్రం లేవు. ఈస్టర్ పంపకం ఆ అక్కల చేతుల మీదుగానే జరిగింది, కదల్లేనివాళ్లకు బియ్యం ఇంటికే చేరింది.

ఒక్కడివే అన్నీ మోస్తే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని మోషేకు ఆయన మామ యిత్రో చెప్పాడు కదా. ఆసుపత్రికి తోడు వెళ్లడం, భూస్థాపన ఏర్పాట్లు, పిల్లల ఫీజులు, అన్నీ మన అధ్యక్షులవారి ఫోన్ మీదే పడేవి. అది కలవకపోతే అందరికీ టెన్షన్. అందుకే పది ఇళ్లకు ఒకరిని పెట్టాం. చాలాచోట్ల బాగా నడిచింది. ఇద్దరు మాత్రం మధ్యలో మానేశారు. బాధ్యత ఇచ్చాం గానీ ఆటో కిరాయికి కూడా డబ్బు ఇవ్వలేదు. అది కార్యవర్గం లోపం, వాళ్లది కాదు. ఇప్పుడు చేతి ఖర్చు ముందే ఇస్తున్నాం.

కుట్టు శిక్షణకు వచ్చినవాళ్లను ఏ ఆరాధనకు వెళ్తారని అడగలేదు. దీనికి మన ఒంగోలు చరిత్రే దారి చూపింది. 1876-78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించారు. కూలీల పర్యవేక్షణను తెలుగు బోధకులకు అప్పగించారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని సహాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

సండే స్కూలు, వీబీఎస్ (పిల్లలకు సెలవుల్లో జరిపే బైబిలు తరగతులు), కుటుంబ ప్రార్థనలు ఎప్పటిలాగే జరిగాయి. కానుకల పెట్టెను ఇప్పుడు ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేస్తున్నారు. ఎవరి ఎద్దునైనా అన్యాయంగా తీసుకున్నానా అని సమూయేలు ప్రవక్త జనం ముందు నిలబడి అడిగాడు. మన కోశాధికారి గారు కూడా రసీదు పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టారు, ఎవరైనా తిరగేసి చూడవచ్చు.

సమాధుల తోట గోడ ఈ ఏడాదీ పూర్తి కాలేదు. పడమటి వైపు ఇంకా కంచె మాత్రమే ఉంది.

క్రిస్మస్ పంపకం జాబితాను నవంబరు మొదటి ఆదివారం వరండాలో అంటిస్తాం. మీ పేరుతోపాటు పక్కింటివాళ్ల పేరు కూడా ఉందో లేదో చూడండి. లేకపోతే చెరువుకట్ట వీధి అక్కలకు చెప్పండి, పుస్తకం వాళ్ల దగ్గరే ఉంటుంది.

కార్యదర్శి